అణువిద్యుత్ కేంద్రముల నిర్మాత శ్రీనివాసన్ గారు

అణుశక్తి యను మాట వినగానే మనవారికి స్ఫురించునవి రెండు. ప్రయోగశాలయందు కూర్చున్న మహాశాస్త్రజ్ఞుని మూర్తి యొకటి. రాజస్థాన్ ఎడారిలో అదరిన భూమి మరియొకటి. ఈ రెంటికిని నడుమ నిలిచిన మూడవ పురుషుని ఎవరును తలపరు. కాంక్రీటు పోయించినవాడు, గొట్టములను అతికించినవాడు, సరుకు రాక పని నిలిచినపుడు యంత్రశాలల గుమ్మములు తొక్కినవాడు, జరిగిన ఆలస్యమునకు ప్రభుత్వమునకు సంజాయిషీ చెప్పుకొన్నవాడు. ఆతడు ఇంజనీరు. 2025 మే 20వ తేదీన ఉదకమండలమున తొంబదియైదేండ్ల వయస్సున కీర్తిశేషులైన మాలూరు రామస్వామి శ్రీనివాసన్ గారు అట్టివారిలో అగ్రగణ్యులు. 1984లో పద్మశ్రీ, 1990లో పద్మభూషణ్, 2015లో పద్మవిభూషణ్ బిరుదములు వారికి లభించెను. బిరుదములను లెక్కించుట సులభము. వారు చేసిన పనిని లెక్కించుట అంత సులభము కాదు. ఏలయన, ఆ లెక్కలో జమతోపాటు ఖర్చును కూడ వ్రాయవలసియున్నది. మరణించినవారిని గూర్చి మంచినే పలుకవలెననెడి మర్యాద గృహస్థులకు చెల్లును గాని, ప్రజాధనముతో నడచిన కార్యమును పరిశీలించువారికి చెల్లదు.

శ్రీనివాసన్ గారు 1930 జనవరి 5న బెంగుళూరునందు జన్మించిరి. మైసూరునందు ఇంటర్మీడియేటు ముగించి, 1946లో బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలయందు చేరిరి. ఆ కళాశాల మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1917లో నెలకొల్పినది. 1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచిన పిమ్మట వరదరక్షణకు ప్రణాళిక వ్రాసియిచ్చిన మహనీయుడు ఆయనయే యని మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1950లో మెకానికల్ ఇంజనీరింగు పట్టమును పుచ్చుకొని, శ్రీనివాసన్ గారు కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు వెడలి, 1952లో ఎం. ఏ.కు తుల్యమైన ఇంజనీరింగు పట్టమును, 1954లో డాక్టరేటును సంపాదించిరి. వారు పరిశోధించిన విషయము గ్యాస్ టర్బైను.

టర్బైనునకును అణువునకును సంబంధమేమని యొకరు అడుగవచ్చును. చాల కలదు. అణువిద్యుత్ కేంద్రమనగా తుదకు నీరు కాచెడి పెద్ద కొలిమియే. పొయ్యి మాత్రము క్రొత్తది. ఆ పొయ్యినుండి పుట్టిన వేడిని మోయు గొట్టములు, పంపులు, ఆవిరి, ఆవిరిచే తిరుగు చక్రము, చక్రముచే పుట్టెడి విద్యుత్తు, ఇవన్నియు పాతకాలపు యంత్రశిల్పమే. పొయ్యిని గూర్చి శాస్త్రజ్ఞుడు చెప్పగలడు. కుండ కారకుండ చూచువాడు ఇంజనీరు. మన అణువిద్యుత్ చరిత్రమున వచ్చిన చిక్కులలో మిక్కిలి భాగము పొయ్యియందుగాక కుండయందే పుట్టినవని ముందు తెలియగలదు.

1955 సెప్టెంబరులో వారు అణుశక్తి శాఖలో ప్రవేశించునాటికి ఆ శాఖకు ఏడాది ప్రాయము. హోమీ భాభాగారు యువకులను ఏరికోరి చేర్చుకొనుచున్న దినములవి. 1956 ఆగష్టు 4న ట్రాంబేయందు పని మొదలిడిన ‘అప్సర’ రియాక్టరు నిర్మాణమున శ్రీనివాసన్ గారు పాలుపంచుకొనిరి. ఆ రియాక్టరును అదుపుచేయు విద్యుత్ పరికరములను స్వదేశమున తయారుచేసిన బృందమునకు నాయకుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. పిదప ఆయనయే హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనును 1967లో నిలిపిరి. అప్సర విద్యుత్తును పుట్టించునది కాదు. నీటితొట్టిలో మునిగియుండు చిన్న పరిశోధన రియాక్టరు. ఇంధనము బ్రిటను నుండి వచ్చినది. అయినను, మనవారి చేతులు మొట్టమొదట అక్కడ తడిసినవి.

1959 ఆగష్టులో ప్రథమ అణువిద్యుత్ కేంద్రమునకు ప్రధాన ప్రాజెక్టు ఇంజనీరుగా శ్రీనివాసన్ గారు నియుక్తులైరి. అప్పటికి వారికి ఇరువదితొమ్మిదేండ్లు. బొగ్గుగనులు తూర్పున, బొంబాయి మిల్లులు పడమట. బొగ్గును అంతదూరము రైలులో మోయుటకంటె సముద్రతీరమున అణువిద్యుత్తే లాభకరమని భాభాగారి వాదము. తారాపూరు స్థలముగ నిర్ణయింపబడెను. విదేశపు కంపెనీలనుండి టెండర్లు పిలిచి, 1964లో అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి. సర్వమును కట్టి, తాళపుచెవి చేతికిచ్చెడి పద్ధతి యది. 1969 అక్టోబరు 28న రెండు రియాక్టర్లును వ్యాపారసరళిని విద్యుత్తునీయసాగెను.

ఇల్లు కట్టి యిచ్చినవాడు బావిత్రాడును తన చేతనే పట్టుకొనినచో గృహప్రవేశమువలన ప్రయోజనమెంత? తారాపూరున జరిగినది ఇదియే. ఆ రియాక్టర్లకు శుద్ధిచేసి బలపరచిన యురేనియము కావలెను. దానిని అమెరికాయే పంపవలెను. 1974లో మనము పోఖ్రాన్ పరీక్ష జరిపిన పిమ్మట, 1978లో అమెరికా క్రొత్త చట్టము చేసికొని, వ్రాతపూర్వకముగ ఒప్పుకొన్న ఇంధనమునకు సైతము అడ్డుతగిలెను. 1982లో ఫ్రాన్సుతో ఏర్పాటు కుదిరినదాక తారాపూరు భవిష్యత్తు దినదినగండముగ నుండెను. పైపెచ్చు, ఆవిరి పుట్టించు యంత్రములయందు గొట్టములు కారసాగెను. 210 మెగావాట్ల చొప్పున ఉండవలసిన రియాక్టర్లు 160 మెగావాట్లకు దిగివచ్చెను. యంత్రమును కొనుట వేరు, యంత్రమును చేయనేర్చుట వేరు అను పాఠమును శ్రీనివాసన్ గారి తరము ఇంత వెలయిచ్చి కొనుక్కొన్నది.

అంతకుమున్నే మనవారు వేరొక దారిని కూడ త్రొక్కియుండిరి. కెనడావారి పద్ధతిలో సహజ యురేనియమే ఇంధనము, దానిని బలపరచనక్కరలేదు. కాని మామూలు నీటికి బదులు భారజలము కావలెను. 1963లో కెనడాతో ఒడంబడిక కుదిరి, రాజస్థానమున కోటాకు సమీపమున రావత్‌భాటాయందు రెండు రియాక్టర్లకు పునాదులు పడెను. మొదటిది 1973 డిసెంబరులో వ్యాపారసరళికి వచ్చెను. సుమారు అయిదు మాసములకే, 1974 మే 18న పోఖ్రాన్. కెనడావారు తమ మనుష్యులను, పటములను, సరుకును సమస్తమును ఉపసంహరించుకొనిరి. రెండవ రియాక్టరు సగములో నిలిచిపోయెను. ఆ సంవత్సరముననే శ్రీనివాసన్ గారు విద్యుత్ ప్రాజెక్టుల ఇంజనీరింగు విభాగమునకు డైరెక్టరులైరి. అంతకుముందు 1967నుండి వారు మద్రాసు సమీపమున కల్పాక్కం కేంద్రమునకు చీఫ్ ప్రాజెక్టు ఇంజనీరుగ నుండిరి. ఇప్పుడు అన్నిచోట్ల పని వారి తలపై పడినది.

భాభాగారు 1966లో ఆల్ప్సు పర్వతములలో విమానప్రమాదమునకు బలియైరి. విక్రమ్ సారాభాయిగారు 1971లో అకస్మాత్తుగ గతించిరి. నాయకులు మారుచుండగ, పటమును చేతబట్టి స్థలమున నిలిచినవారు ఇంజనీర్లు మాత్రమే. ఈ సంగతిని మన చరిత్రకారులు తగినంతగ గమనింపలేదు.

1974 తరువాతి పదియేండ్లు శ్రీనివాసన్ గారి జీవితమున మిక్కిలి విలువైనవని మా యభిప్రాయము. అప్పుడు జరిగిన పని ఎట్టిదో కొంత వివరింతుము. 220 మెగావాట్ల దేశీయ రియాక్టరునందు అడ్డముగ పరుండబెట్టిన పెద్ద ఉక్కుపీపా యొకటి యుండును. దానిలోనికి ఈ కొననుండి ఆ కొనకు 306 గొట్టములు దూరియుండును. ఒక్కొక్క గొట్టమున సుమారు అర మీటరు పొడవుగల ఇంధనపు కట్టలు పండ్రెండు చొప్పున, మొత్తము 3,672 కట్టలు వరుసగ నుండును. రియాక్టరు నడుచుచుండగనే ఒక కొననుండి క్రొత్త కట్టను నెట్టి, మరియొక కొననుండి పాతదానిని తీయవలెను. ఆ 306 గొట్టములును రెండువైపుల పలకలయందలి రంధ్రములకు వెంట్రుకవాసి తేడా లేకుండ సరిపడవలెను. ఒక అతుకు చెడిన, మనుష్యుడు చేరరాని చోట చెడును. అంతవరకు పంచదార మిల్లులకు, సిమెంటు కర్మాగారములకు యంత్రములు చేయుచుండిన మన యంత్రశాలలు ఇట్టి పనిని ఎన్నడును ఎరుగవు. లార్సెన్ టూబ్రో, వాల్‌చంద్‌నగర్ మొదలగు సంస్థలవారిని ఒప్పించి, మొదట చెడిన సరుకును సహించి, అతుకువేయు పనివానికి మరల మరల పరీక్షపెట్టి, ఆ పనిని రప్పించుకొనవలసి వచ్చెను. ఆలస్యమైనదా? ఐనది. మిక్కుటముగ ఐనది. కాని, ఈనాడు ఆ విద్య యెరిగిన యంత్రశాలలు దేశమున అనేకములున్నవి.

ఇంధనపు కట్టల విషయమున హైదరాబాదునకు ప్రత్యేకస్థానము కలదు. 1971లో అచట నెలకొల్పిన అణు ఇంధన సముదాయము సముద్రపుటిసుకనుండి తీసిన ఖనిజముతో జిర్కోనియమును శుద్ధిచేసి గొట్టములను తీయును. యురేనియమును బిళ్లలుగ చేసి వానియందు పొదుగును. విదేశీయులు తలుపులు మూసినపుడు మన రియాక్టర్లు ఆరిపోకుండుటకు ఇదియొక ముఖ్యకారణము.

భారజలము మాత్రము మనవారిని మిక్కిలి బాధించెను. మామూలు నీటియందలి ఉదజనిలో సుమారు ఏడువేల పాళ్లకు ఒక పాలు మాత్రమే భారమైనది. దానిని వేరుచేయుట సముద్రమును వడియగట్టుట వంటిది. ఒక రియాక్టరునకు రెండువందల టన్నులకు పైగా కావలెను. నంగల్ కర్మాగారము 1962నుండి యున్నను చాలలేదు. బరోడాలో కట్టినది 1977 డిసెంబరులో ప్రేలుడునకు గురియయ్యెను. తాల్చేరులోనిది సతాయించెను. రాజస్థాన్ రెండవ రియాక్టరు కొరకు సోవియట్ దేశమునుండి భారజలమును కొనవలసి వచ్చెను. అది 1981 ఏప్రిలులో గాని వ్యాపారసరళికి రాలేదు. గోదావరీతీరమున మణుగూరునందు సింగరేణి బొగ్గును, గోదావరి నీటిని ఆధారము చేసికొని కట్టిన భారజల కర్మాగారము 1991లో పనిచేయ నారంభించెను. నాడు అప్పుతెచ్చుకొన్న దేశమే తరువాతికాలమున దక్షిణ కొరియాకును, అమెరికాకును భారజలమును అమ్మగలిగెను. ఈ మార్పు ఒక్క మనుష్యుని వలన వచ్చినది కాదు. అయినను, కొరత నెదుట పెట్టుకొని కేంద్రములను కట్టినవారి పట్టుదల దీనియందు కలదు.

కల్పాక్కం మొదటి రియాక్టరు 1983 జూలైలో జ్వలించి, 1984 జనవరి 27న వ్యాపారసరళికి వచ్చెను. విదేశీయుల పర్యవేక్షణము లేక మనవారు ఆద్యంతము కట్టి నిలిపిన మొదటి అణువిద్యుత్ కేంద్రమది. చల్లబరచుటకు కావలసిన సముద్రజలమును రాబట్టుటకై సముద్రగర్భము క్రింద సుమారు అర కిలోమీటరు సొరంగమును త్రవ్విరి.

ఇక ఖర్చువైపు చూతము. ఆ కేంద్రమునకు నిర్మాణము మొదలైనది 1971 ఆరంభమున. పదుమూడేండ్లు. ఉత్తర ప్రదేశమున నరోరా కేంద్రము 1976లో మొదలై మొదటి రియాక్టరు 1991 జనవరిలో గాని వ్యాపారసరళికి రాలేదు. అప్పుచేసి నూతిని త్రవ్వించిన రైతునకు పదునాలుగవ ఏట నీరు పడినచో, ఆ నీటితో పండిన పంట వడ్డీకి సరిపోవునో లేదో మన భూస్వాములు చిటికెలో చెప్పగలరు. నిలిచిపోయిన సొమ్ముమీద పెరిగెడి వడ్డీయే అణువిద్యుత్తు ధరలో పెద్దభాగము. యురేనియము ధర దానిముందు స్వల్పము. కావున ఆలస్యమనునది ఈ పరిశ్రమలో చిన్నతప్పు కాదు. అదియే ప్రధానమైన ఖర్చు. విదేశీయుల నిషేధమును ప్రతి ఆలస్యమునకును సాకుగ చూపుట మనవారికి అలవాటైనదని కూడ చెప్పవలసియున్నది.

ఇందుచేతనే 1984లో అణువిద్యుత్ మండలి ఏర్పడి శ్రీనివాసన్ గారు దానికి అధ్యక్షులగుటయు, 1987 సెప్టెంబరులో అణువిద్యుత్ కార్పొరేషన్ అను కంపెనీ పుట్టి వారే దాని ప్రథమ అధ్యక్షులగుటయు సంభవించెను. ఈ మార్పును పలువురు పేరుమార్పుగ మాత్రమే తలచిరి. అది కాదు. ప్రభుత్వశాఖకు బడ్జెటు కలదు, లాభనష్టముల పట్టిక లేదు. సంవత్సరాంతమున మిగిలిన సొమ్ము ఖజానాకు పోవును. లోటు పార్లమెంటు పూడ్చును. కంపెనీయన్నచో తరుగుదల వ్రాయవలెను, విద్యుత్తునకు ధర కట్టవలెను, బజారున బాండ్లు అమ్మి అప్పు తేవలెను, వడ్డీ కట్టవలెను, బాకీలు చెల్లింపని రాష్ట్ర విద్యుత్ బోర్డుల వెంట తిరుగవలెను. ముప్పదియేండ్లకు పైగా నట్టులు బిగించిన చేయి ఖాతాపుస్తకమును పట్టవలసివచ్చెను. ఇంజనీరు సంస్థాధిపతి యగుట యనగా ఇదియే. ఆ కంపెనీ చేతికి వచ్చినవియు, కట్టబడుచున్నవియు, ఉద్దేశింపబడినవియు కలిసి వారి ఆధ్వర్యమున రూపొందిన రియాక్టర్లు పదునెనిమిది: ఏడు నడచునవి, ఏడు నిర్మాణమున ఉన్నవి, నాలుగు ప్రణాళికలోనివి.

అదే కాలమున మనవారు ఒక వాగ్దానము చేసిరి. 2000 సంవత్సరమునకు 10,000 మెగావాట్ల అణువిద్యుత్తు! ఆ సంవత్సరము వచ్చునప్పటికి దేశమున నిలిచినది 2,720 మెగావాట్లు. 1991లో ఖజానా వట్టిపోవుట, ప్రభుత్వము మూలధనమును తగ్గించుట, విదేశపు సరుకునకు అడ్డంకులు, ఇవన్నియు కారణములే. అయినను, నడచునవి పదుమూడేండ్లకు ఒకటి చొప్పున తయారగుచుండగ పదునైదేండ్లలో పదివేలని లెక్కవేయుట ఇంజనీరు వేయవలసిన లెక్క కాదు. అది మంత్రివర్గమును ఉత్సాహపరచుటకు వేసిన లెక్క. శ్రీనివాసన్ గారి వంటి అనుభవజ్ఞులు ఆ సంఖ్యకు తమ పేరును జతచేయుట మాకు నేటికిని వింతగనే తోచును.

1987నుండి 1990దాక వారు అణుశక్తి కమిషనునకు అధ్యక్షులు, శాఖకు కార్యదర్శి. 1986 ఏప్రిలులో చెర్నోబిల్ ప్రమాదము జరిగి లోకమంతయు అణువిద్యుత్తును అనుమానింపసాగిన కాలమది. ప్రపంచమందలి కేంద్రముల నిర్వాహకులు ఒకరి తప్పును మరియొకరికి దాచకుండ చెప్పుకొనుటకై 1989లో నెలకొల్పిన ప్రపంచ సంఘమునకు వారు స్థాపక సభ్యులలో ఒకరు. 1988 నవంబరులో సోవియట్ దేశముతో కూడంకుళం రియాక్టర్లకు ఒడంబడిక కుదిరినదియు వారి హయాముననే. ఒడంబడిక చేసికొన్న దేశమే మూడేండ్లలో మాయమయ్యెను. ఆ మొదటి రియాక్టరు 2014 డిసెంబరు 31న గాని వ్యాపారసరళికి రాలేదు.

వారు పదవి విడిచిన మూడేండ్లకు, 1993 మార్చి 31వ తేదీ వేకువజామున నరోరా మొదటి రియాక్టరునందు టర్బైను రెక్కలు విరిగి, ఉదజని వెలికివచ్చి మంటలు లేచెను. విద్యుత్ తీగలు ఒకేత్రోవను పోవుచుండుటచే, అసలు తీగలతోపాటు ఆపత్కాలమునకై యుంచిన తీగలును కాలిపోయెను. సుమారు 17 గంటలు కేంద్రమున విద్యుత్తు లేదు. చీకటిలో పొగలో సిబ్బంది మెట్లెక్కి బోరాన్ ద్రావకమును చేతులతో విడిచి, మంటలార్పు డీజిల్ పంపులతో నీరు పంపి రియాక్టరును కాపాడిరి. రేడియోధార్మిక పదార్థము బయటికి పోలేదు. ఆ పనివారి సాహసమునకు దేశము రుణపడియున్నది. కాని, రెండు తీగలను ఒకే బాట వెంట పరచిన నిర్మాణము ఎవరిది? అది శ్రీనివాసన్ గారి విభాగము కట్టించినదే. గొట్టములయందు వెంట్రుకవాసిని చూచిన కన్ను తీగలబాటను చూడలేదు.

ఇచటనే మరియొక సంగతి. భద్రతను తనిఖీచేయుటకు 1983లో ఏర్పడిన నియంత్రణ మండలి, ఏ కమిషను క్రింద కేంద్రములు నడచునో ఆ కమిషనునకే జవాబుదారిగ నుండెను. 2012లో కంప్ట్రోలరు ఆడిటరు జనరలు ఈ లోపమును ఎత్తిచూపిరి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో, కూడంకుళం ప్రజలు ఫుకుషిమాను తలచుకొని భయపడి ఆందోళన చేయుచుండగ, తమిళనాడు ప్రభుత్వము వేసిన నలుగురు సభ్యుల సంఘములో శ్రీనివాసన్ గారొకరు. ఒడంబడిక నాటి కమిషను అధ్యక్షుడే కేంద్రము క్షేమమని తీర్పుచెప్పుట ఎట్లని స్థానికులు ఆక్షేపించిరి. వారి యోగ్యతను ఎవరును శంకింపలేదు. వారికంటె ఆ విషయము నెరిగినవారు అరుదు. అయినను, పంటగట్టు తగవులో గట్టు వేసినవానినే మధ్యవర్తిగ కూర్చుండబెట్టిన పెద్దమనుష్యులను ఊరు నమ్మదు. ఆ ఆక్షేపణ న్యాయమైనదని మా తలంపు. ఆ స్థానమును వారే నిరాకరించియుండినచో వారి మాటకు మరింత బరువు వచ్చియుండెడిది.

పదవీవిరమణానంతరము వారు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థకు సలహాదారుగ, 1996నుండి 1998దాక ప్రణాళికా సంఘ సభ్యుడుగ పనిచేసిరి. 2002లో మన అణువిద్యుత్ చరిత్రమును ఇంగ్లీషున గ్రంథముగ వెలువరించిరి. పత్రికలకు వ్యాసములు వ్రాయుట మానలేదు.

వారు నాటిన మొక్క ఎట్లున్నదని చూచినచో సంతోషింపదగిన సంగతులున్నవి. కర్ణాటకమున కైగా కేంద్రము నిర్మాణము వారి కాలమున మొదలైనది. 1994లో దాని గుమ్మటపు లోపలిభాగము కూలిన దుర్వార్తను మనము వింటిమి. ఆ కైగా మొదటి రియాక్టరే 2018 డిసెంబరు 31దాక 962 దినములు ఎడతెగక నడచి నాటికి లోకమున మొదటిదయ్యెను. 220 మెగావాట్ల నమూనాను పెంచి తారాపూరునందు 540, కాక్రపారునందు 700 మెగావాట్ల రియాక్టర్లను మనవారు కట్టిరి. కాక్రపారున మొదటి 700 మెగావాట్ల రియాక్టరు 2023 జూన్ 30న వ్యాపారసరళికి వచ్చెను. పటమునుండి పనిముట్టు వరకు మనది.

2025 ఫిబ్రవరి బడ్జెటులో మరల ఒక సంఖ్య ప్రకటింపబడినది: 2047 నాటికి 1,00,000 మెగావాట్లు. ప్రకటించునాటికి దేశమున ఉన్నది తొమ్మిదివేలకు లోపే. శ్రీకాకుళము జిల్లా రణస్థలము మండలమున కొవ్వాడయందు అమెరికా నమూనా రియాక్టర్లను ఆరింటిని నిలుపవలెనను ప్రతిపాదన ఈ లెక్కలోనిదే. అక్కడి జాలరులు, రైతులు తమ భూములను గూర్చి, పునరావాసమును గూర్చి ఏండ్లతరబడి అడుగుచున్నారు. ఆ నమూనాను తయారుచేయు వెస్టింగ్‌హౌస్ కంపెనీ 2017 మార్చిలో దివాలా రక్షణ కోరినది. అదే నమూనాతో అమెరికాలో జార్జియా రాష్ట్రమున వోగ్టిల్ వద్ద కట్టిన రెండు రియాక్టర్లు సుమారు ఏడేండ్లు ఆలస్యమై 2023లోను 2024లోను పూర్తియయ్యెను. వానికైన వ్యయము 3,000 కోట్ల డాలర్లకు మించినది.